చిన్నవారి చేతిలో చీకటి కథ

పద్నాలుగు, పదిహేనేండ్ల పిల్లలు ఎటువంటి కథలు కోరుతున్నారన్న ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలు పెదవి విరవడం పరిపాటి. దయ్యమో, హత్యో, శాపమో, దిక్కులేని చావో లేని పుస్తకం వారికి రుచించదనీ, నీతికథ చేతికిస్తే రెండు పుటలు త్రిప్పి పక్కన పడవేస్తారనీ ఆక్షేపణ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఉపాధ్యాయులు మాత్రం ఈ ఆక్షేపణను కొంచెం ఆలోచించి చేయవలసి ఉన్నది. విషాదంతో నిండిన నవల ఒక చిన్నపిల్ల చేతిలో పడితే ఏమి జరుగవచ్చునో చూపే ఉదాహరణ ఒకటి వారి సీమలోనే ఉన్నది. ఆ సంగతికి వచ్చేముందు, ఈ రుచి ఎంత పాతదో చూడాలి.

బాలనాగమ్మ కథ తెలియని తెలుగు పల్లె లేదు. మాయల ఫకీరు తల్లిని కుక్కగా మార్చి తీసికొనిపోతాడు. ఇంట మిగిలిన పసివాడు బాలవర్ధి పెరిగి పెద్దవాడై, సప్తసముద్రాల ఆవల చిలుకలో దాగిన ఫకీరు ప్రాణం కోసం బయలుదేరుతాడు. తల్లి దూరం కావడం కంటె పిల్లవానికి పెద్ద భయం ఏమున్నది? ఆ భయాన్నే కథకులు రాత్రంతా డక్కీల మోతల నడుమ గానం చేశారు. తల్లులు ఒడిలో పిల్లలను కూర్చోబెట్టుకొని విన్నారు. పిల్లలు చెడిపోతారని ఎవరూ అనలేదు. కథలో గెలిచినవాడు పిల్లవాడే కనుక, వినే పిల్లవానికి నిద్ర పట్టేది.

1947 జులైలో ఆరంభమైన “చందమామ”లో భేతాళ కథలు దశాబ్దాల తరబడి వెలువడినవి. నడిరేయి, శ్మశానం, చెట్టునుండి దింపిన శవం, దానిని భుజాన వేసికొని మౌనంగా నడిచే రాజు. ఇంతకంటె భయంకరమైన ప్రారంభం ఏ దేశపు బాలసాహిత్యంలోనైనా అరుదు. దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన “తోకచుక్క” మొదలైన ధారావాహికలలో మాంత్రికులు, రాక్షసులు, శిథిలాలయాలు కొల్లలు. అయినా భేతాళ కథను పిల్లలు మరువలేకపోవడానికి కారణం శవం ఒక్కటే కాదనిపిస్తుంది. కథ ముగియగానే భేతాళుడు ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. ఎవరు ఎక్కువ త్యాగి? ఎవరిది అపరాధం? తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. రాజు నోరు విప్పేలోపల తన సమాధానం తాను చెప్పుకోని బాలుడు ఉండడు. తండ్రి, ఉపాధ్యాయుడు అడుగని ప్రశ్నను శవంలోని భేతాళుడు అడిగాడు. పన్నెండేండ్లవానిని న్యాయాధిపతి స్థానంలో కూర్చోబెట్టాడు.

మన ఆలంకారికులకు ఇది తెలియని విషయం కాదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో కరుణ, భయానక, బీభత్సాలు మూడు ఉన్నవి. శోకం, భయం, జుగుప్స లోకంలో ఎవరూ కోరనివి; కావ్యంలో అవే ఆస్వాద్యాలు. తరగతిలో ఈ సూత్రం అప్పజెప్పించుకొని, అదే విద్యార్థి భయానక నవల చదువుతుంటే చేతిలోనుండి లాగుకొనడం కొంత విడ్డూరం.

ఇక ఆ ఉదాహరణ. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో 1931లో ఒక భూస్వామి ఇంట మల్లు స్వరాజ్యం జన్మించారు. ఆమెకు పదేండ్ల ప్రాయంలోనే మాక్సిం గోర్కీ “అమ్మ” నవలతో పరిచయమైనది. క్రొవ్విడి లింగరాజు తెలుగులోనికి తెచ్చిన ఆ నవల ఆరంభమే ఫ్యాక్టరీ కూత, త్రాగుబోతు భర్త, దెబ్బలు తినే భార్య. బాలికలకు తగిన పఠనీయ గ్రంథాల పట్టికలో నాడు దానికి ఎవరు చోటిచ్చి ఉంటారు? కాని వెట్టివారి గోస ఇంటి వాకిట్లోనే చూస్తున్న ఆ పిల్లకు అందులోని చీకటి క్రొత్తది కాదు. అది ఎక్కడినుండి వచ్చినదో చెప్పిన పుస్తకం మాత్రం క్రొత్తది. అటు కోదాడకు చేరువనున్న చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. మహాసభ పిలుపు విని, పదకొండేండ్ల స్వరాజ్యం తమ ఇంటి ధాన్యాన్ని కూలివారికి పంచారు. తరువాత సాయుధ పోరాటంలో ఆమె తలపై పదివేల రూపాయల వెల కట్టబడినది. ఒక్క పుస్తకమే ఇదంతా చేసినదనడం అతిశయోక్తి అవుతుంది. అయితే ఆ పుస్తకం పేరును ఆమె జీవితాంతం మరువలేదు. 2022 మార్చిలో ఆమె కన్నుమూశారు.

చీకటి కథలన్నీ ఈ పని చేస్తాయా? చేయవు. 1980 దశకం తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ “తులసిదళం” ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడుతున్నప్పుడు తెలుగు పాఠకలోకం ఊగిపోయినది. పసిపిల్లపై క్షుద్రప్రయోగం దాని ఇతివృత్తం. ఉత్కంఠను నిలిపే నేర్పులో ఆ రచయితకు సాటి తక్కువ. రంగనాయకమ్మ దానిని తీవ్రంగా ఖండిస్తూ ఒక పుస్తకమే వ్రాశారు. ఆ వాదాన్ని సాహిత్య కలహమని త్రోసివేయడం పట్టణవాసికి సులభం. తెలంగాణ పల్లెలలో చేతబడి, బాణామతి అన్న అనుమానంతో ముసలివాండ్లను చావగొట్టిన, పండ్లు రాలగొట్టిన దారుణాలు నిజంగా జరిగినవి. మిర్యాలగూడ వరిపొలాల నడుమ నివసించే పిల్లవాడు అటువంటి నవల చదివి, మరునాడు ఏ ఒంటరి వృద్ధురాలి గుడిసె ముందునుండి బడికి నడుస్తాడో ఆలోచించవలసినదే. “అమ్మ” తన చీకటికి కారణం చూపినది. ఇక్కడి కారణం ఒక బొమ్మలో గ్రుచ్చిన సూదులు! నిషేధం వలన ఫలం లేదు. దాచిన పుస్తకానికి రుచి హెచ్చు. పుస్తకం చదివిన తరువాత తరగతిలో మాట్లాడుకొనడమే మార్గం.

అమెరికాలో ఇదే తర్కం 2011లో చెలరేగినది. కౌమార నవలలలో హింస, ఆత్మహింస మితిమీరినవని వాల్ స్ట్రీట్ జర్నల్ వ్యాసం ఒకటి విమర్శించగా, అక్కడి ఆదివాసి రచయిత షెర్మన్ అలెక్సీ ప్రతివాదం చేశాడు. దారిద్ర్యాన్నీ మరణాన్నీ అనుభవించిన పిల్లలను పుస్తకాలనుండి కాపాడడానికి పెద్దలు ఆలస్యంగా వచ్చారన్నది అతని వాదసారం. ఆ మాట ఇక్కడా వర్తిస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసికొన్నారు. ఓడిపోయి, సిగ్గుపడి, మరల లేచి అన్నం తిన్న బాలుని కథ ఆ పిల్లలలో ఎందరు చదివి ఉంటారు? మార్కుల మధ్య కథకు చోటెక్కడిది?

ఉపాధ్యాయునికి దగ్గరి మార్గం ఒకటి ఉన్నది. సూర్యాపేటనుండి హైదరాబాదు పోయే త్రోవలో వచ్చే నకిరేకల్ ప్రాంతంవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఒక ఉపాధ్యాయునికి వండిపెడుతూ అక్షరాలు నేర్చినవాడు. వెట్టి, గడీల దౌష్ట్యం “ప్రజల మనిషి”లో చిత్రించాడు. దాశరథి రంగాచార్య “చిల్లర దేవుళ్ళు”లో ఆడబాపల బ్రతుకు ఉన్నది. దొరబిడ్డ వెంట అరణంగా పోయిన ఆ ఆడపిల్లల వయస్సు నేటి విద్యార్థినుల వయస్సే. ఇంతటి భయానకం ఏ మాంత్రికుని గుహలోనూ దొరకదు. దానికి సాక్ష్యం చెప్పగల అవ్వలు కొద్దిమంది ఇంకా ఊళ్ళలో ఉన్నారు.

ఆళ్వారుస్వామి రెండవ నవల “గంగు” పూర్తికాకముందే, 1961లో ఆయన మరణించాడు. నవల అసంపూర్ణంగానే తరువాత అచ్చయినది. పదవ తరగతి పిల్లలకు దానిని ఇచ్చి, మిగిలిన కథ ఎట్లా నడవాలో వ్రాసుకొని రమ్మని అడిగి చూడవచ్చు.