బెల్లు కొట్టొద్దు... మేమే వచ్చి చూస్తాం!

పొయ్యిమీద పాలున్నాయి. ఇంతలో కాలింగ్‌బెల్ మోగింది. తలుపు తీసి వెనక్కి తిరిగారో లేదో... మళ్లీ బెల్లు. ఇలా ఆగకుండా మోగుతూనే ఉంటే? వీధి తలుపు దగ్గరే సరిపోతుంది, పాలు కాస్తా పొంగిపోతాయి!

సర్వర్లకీ అచ్చం ఇదే అవస్థ. నెట్‌లో సమాచారమంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ప్యాకెట్ రాగానే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌కి బెల్లు కొడుతుంది. దీన్నే ఇంటరప్ట్ అంటారు. చేస్తున్న పని ఆపి ప్రాసెసర్ వచ్చి అందుకోవాలి. అడపాదడపా వస్తే ఇబ్బంది లేదు. కానీ గిగాబిట్ లైనులో అతి చిన్న ప్యాకెట్లే వరుసకడితే సెకనుకి దాదాపు 14.88 లక్షలు! ఇక ప్రాసెసర్‌కి తలుపు తీయడమే పని. తెచ్చినవాటిని విప్పిచూసే తీరిక ఉండదు. పెట్టే చోటు నిండిపోయి, కష్టపడి తెచ్చినవాటినే పారేస్తుంది. యంత్రం ఆగిపోలేదు, క్షణం ఖాళీ లేకుండా శ్రమిస్తోంది. అయినా ఒక్క పనీ పూర్తికాదు. ఈ జబ్బు పేరు లైవ్‌లాక్. గిట్టనివాళ్లు కావాలని ప్యాకెట్లు కుమ్మరించి సర్వర్‌ని ఇలా పడగొట్టొచ్చు కూడా.

1996లో జెఫ్రీ మోగుల్, కె.కె.రామకృష్ణన్ ఈ జబ్బుకి మందు చెప్పారు. రద్దీ పెరిగితే బెల్లు ఆపేయడమే! ఏమైనా వచ్చాయేమోనని ప్రాసెసరే వెళ్లి చూసుకుంటుంది. ఒక్క విడతకి ఇన్నేనని కోటా. ఇదే పోలింగ్ (ఓట్ల పోలింగ్‌కీ దీనికీ సంబంధం లేదు లెండి). ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయానికి చెందిన లుయీజీ రిజ్జో దీన్ని ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి తెచ్చారు. గడియారం టిక్కుమన్నప్పుడల్లా, అంటే సెకనుకి వెయ్యిసార్ల వరకూ, వెళ్లి చూసిరావడం దాని పద్ధతి.

అసలు చిక్కు ప్రాసెసర్లు ఒకటికి మించి ఉన్నప్పుడు. ఇద్దరూ ఒకేసారి వెళ్లి ఒకే కార్డుమీద చెయ్యిపెడితే లెక్కలన్నీ తారుమారు. పోనీ తాళం వేసుకుంటే, ఒకరు తీసుకునేదాకా రెండోవారు గుమ్మంలో కాపలా. అందుకే మొదట్లో ఫ్రీబీఎస్‌డీ తేల్చి చెప్పేసింది... బహుళ ప్రాసెసర్ల కెర్నెల్‌లో పోలింగ్ కలపబోతే ఆ కెర్నెల్ అసలు తయారే కాదని. డబ్బుపోసి రెండో ప్రాసెసర్ కొన్నవాళ్లకి ఇది మింగుడుపడే సంగతి కాదు! ఆ అడ్డు తర్వాతి వెర్షన్లలో తొలగింది.

ఇప్పటి సర్వర్లలో పరిష్కారం కార్డులోనే ఉంది. దాంట్లో పలు వరుసలుంటాయి, ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కోటి. ఎవరి వరుస వాళ్లు చూసుకుంటే తాళాల గొడవే లేదు. అలాగని ప్యాకెట్లని ఎలాపడితే అలా పంచితే ఒకే ఫొటో ముక్కలు వెనకాముందూ అయిపోవూ! పంపేవారి, అందుకునేవారి చిరునామాలతో లెక్కకట్టి, ఇద్దరి మధ్య నడిచే ఒక సంభాషణలోని ప్యాకెట్లన్నిటినీ ఒకే వరుసకి పంపుతుంది కార్డు.

లినక్స్‌ది మధ్యేమార్గం. మొదటి ప్యాకెట్‌కి బెల్లు మోగనిస్తుంది. ఆపై బెల్లు ఆపేసి, వరుస ఖాళీ అయ్యేదాకా విడతకి మామూలుగా 64 చొప్పున తనే తీసుకుంటుంది. ఖాళీ కాగానే మళ్లీ బెల్లు. డీపీడీకే అనే మరో విధానంలో అసలు బెల్లు ఊసే ఉండదు, కొన్ని ప్రాసెసర్లకి అహర్నిశలూ వరుసని చూడటమే ఉద్యోగం. వేగానికి తిరుగులేదు. కాకపోతే ప్యాకెట్ ఒక్కటీ రాని అర్ధరాత్రి కూడా అవి నూటికి నూరుపాళ్లూ పనిలో ఉన్నట్టే కనిపిస్తాయి. కరెంటు బిల్లూ అందుకు తగ్గట్టే!