అద్దం సందు కుక్కను కాపాడదు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట దాదాపు సగం దూరంలో వస్తుంది. టిఫిన్‌కో భోజనానికో చాలా కార్లు అక్కడే ఆగుతాయి. మే నెలలో ఆ హోటళ్ల ముందు నిలిపిన కార్లలో అప్పుడప్పుడూ ఒక కుక్క కనిపిస్తుంది. వెనక సీట్లో నాలుక చాచి ఒగరుస్తూ ఉంటుంది. అద్దం రెండు వేళ్ల మేర దించి ఉంటుంది. యజమానిని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "గాలి ఆడుతోంది కదండీ, పది నిమిషాల్లో వచ్చేస్తాం."

ఈ నమ్మకం తప్పు. ప్రాణం తీసేంత తప్పు.

ఎండ అద్దంలోంచి సులువుగా లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డు, స్టీరింగ్, సీట్లు దాన్ని పీల్చుకుని కాగిపోతాయి. వాటి నుంచి వెలువడే వేడి అదే అద్దంలోంచి బయటికి పోలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయట 22 నుంచి 36 డిగ్రీలున్న రోజుల్లో ఎండలో నిలిపిన కారు లోపలి వేడిని కొలిచి, 2005లో ఫలితాలు ప్రచురించారు. గంటలో వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు అంగుళమున్నర దించి చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు కొలిచిన రోజుల్లో అన్నిటికన్నా వేడి రోజు 36 డిగ్రీలది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నడివేసవి ఎండ 40 దాటడం మామూలే.

హోటల్ వంటింట్లోని ఇడ్లీ పాత్రను తలుచుకుంటే సంగతి ఇట్టే అర్థమవుతుంది. మూత కాస్త పక్కకు జరిపితే ఇడ్లీ ఉడకడం ఆగదు. కొంచెం ఆవిరి పోతుంది, అంతే. మంట ఉన్నంతసేపూ పాత్ర కాగుతూనే ఉంటుంది. కారుకు ఆ మంట నెత్తిమీద ఉంటుంది. పాత్రలో ఆవిరి నిండినట్టే కారులో కుక్క ఊపిరిలోని తడి నిండుతుంది. అసలు ప్రమాదం అక్కడే. కుక్కకు మనుషుల్లా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా తప్ప. అది ఒగర్చి, నాలుక మీది తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరచుకుంటుంది. చుట్టూ గాలి చెమ్మగా ఉంటే ఆ తడి ఆరదు. ఎంత ఒగర్చినా చల్లబడదు సరికదా, ఆ శ్రమకు ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. మామూలుగా 38, 39 డిగ్రీలుండే ఒంటి వేడి 41 దాటితే మెదడు, పేగులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులు మరీ త్వరగా కూలబడతాయి.

చెట్టు నీడను నమ్ముకోవడానికీ లేదు. తినేసి వచ్చేలోపు ఎండ తిరుగుతుంది.

జంతువులను హింసకు గురిచేసేలా వాహనాల్లో తీసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ జరిమానాకు భయపడేవారెవరూ ఉండరు కాబట్టి యజమానులే తెలుసుకుని జాగ్రత్తపడాలి.

కారు నడుస్తున్నప్పుడు ప్రమాదం వేరు. మిర్యాలగూడ మీదుగా పోయే నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డులో వడ్ల లారీలు, ట్రాక్టర్లు ఎక్కువ. సడెన్ బ్రేకులు తప్పవు. 60 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్దుకుంటే, కట్టని కుక్క ముందుకు ఎగిరిపడే వేగం 14 మీటర్ల ఎత్తు నుంచి కిందపడే వేగంతో సమానం. దిష్టి తగలకుండా బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవారు కుక్కకు బెల్టు కట్టడం మరచిపోతున్నారు. నిమ్మకాయ ఆ దెబ్బను ఆపలేదు. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌ను వెనక సీటు బెల్టుకు తగిలించాలి. మెడపట్టీకి తగిలిస్తే మెడ విరగొచ్చు. పిల్లిని గట్టి బుట్టలో పెట్టి, ఆ బుట్టను కదలకుండా కట్టాలి.

వడదెబ్బ తగిలి కుక్క తూలుతుంటే ముందు నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్లు పోసి గాలి తగిలించాలి. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం ఆ తర్వాతే. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి అన్నది బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకుల సలహా కూడా. స్పృహ లేని కుక్కకు నీళ్లు తాగించకూడదు.

కారులో ఇద్దరుంటే ఒకరి తర్వాత ఒకరు తినాలి. ఒక్కరే వెళ్తుంటే పార్సిల్ చెప్పి, కుక్కకు తాడు కట్టి కిందికి దించి పక్కనే ఉంచుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో బయల్దేరితే ఎండ ముదరకముందే కోదాడ దాటొచ్చు.