అన్నిట్లో యాభై

అయిదు పేపర్లు. అయిదింటిలోనూ సరిగ్గా 50 మార్కులు. ఒక్క మార్కు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

నిరుడు దసరాకు జహీరాబాద్ వెళ్లినప్పుడు, పదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ నా మొహం ముందు పెట్టి చూపించిన లెక్క ఇది. మార్కులు వాడివి కావు. కియోతక అయనోకోజి అనే జపాన్ యానిమే కుర్రాడివి. "వానికి అన్నీ వస్తయి మామా. కావాలనే యాభై తెచ్చుకుండు" అన్నాడు మెరిసే కళ్లతో. వంటింట్లోంచి మా అక్క అందుకుంది: "నీకేమో రాక వచ్చినయి!"

ఈ రకం కథలు యానిమేలో ఒక పెద్ద పాయ. కథానాయకుడికి అంతులేని శక్తి ఉంటుంది. దాన్ని దాచిపెట్టి బడిలో వెనక బెంచీలో కూర్చుంటాడు. ఎప్పుడో ఒకసారి తప్పనిసరై బయటపడతాడు. వీటిలో యుద్ధాల కంటే అంకెలే ఎక్కువ. ఆ అంకెల్ని కాస్త విప్పి చూస్తే మన పిల్లలకు ఇవి ఎందుకు ఇంతగా పట్టుకున్నాయో తెలుస్తుంది.

ముందు ఆ యాభై సంగతి. కథ పేరు 'క్లాస్‌రూమ్ ఆఫ్ ది ఎలీట్'. రచయిత షోగో కినుగాస. నవలలు 2015లో మొదలయ్యాయి, యానిమే 2017లో వచ్చింది. ఆ బడిలో ఒక్కో ఏడాదికి 160 మంది, తరగతికి 40 మంది చొప్పున నాలుగు తరగతులు. చేరిన రోజే ప్రతి పిల్లవాడి ఖాతాలో లక్ష పాయింట్లు వేస్తారు. ఒక పాయింటు ఒక యెన్‌తో సమానం. తరగతులకు వేరే పాయింట్లు, ఒక్కోదానికి వెయ్యి. నెల తిరిగేసరికి వాటిలో ఎ, బి, సి తరగతులకు వరుసగా 940, 650, 490 మిగులుతాయి. అయనోకోజి చదివే డి తరగతికి మిగిలింది సున్నా. వెయ్యితో మొదలుపెట్టి నెల రోజుల్లో మొత్తం పోగొట్టుకున్న ఘనులు వాళ్లు.

అయనోకోజి మార్కుల్ని బడి విద్యార్థి సంఘం అధ్యక్షుడు పట్టేస్తాడు. లెక్కల పేపర్లో నూటికి ముగ్గురే చేయగలిగిన అయిదో ప్రశ్నను వీడు దశలతో సహా తప్పు లేకుండా చేశాడు. నూటికి 76 మంది చేసిన పదో ప్రశ్న మాత్రం తప్పు రాశాడు. దొంగ దొరికింది మొత్తం మార్కుల దగ్గర కాదు, ఏది వచ్చి ఏది రాలేదన్న దగ్గర.

అనుకుని సగటు మార్కులు తెచ్చుకోవడం అంత కష్టమా? మన ఎప్‌సెట్ మీద వేసి చూద్దాం. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, తప్పుకు కోత లేదు. ఏమీ చదవకుండా కళ్లు మూసుకుని అన్నీ గుర్తించిన వాడికి సగటున 40 వస్తాయి. జనరల్ అభ్యర్థులకు అర్హత మార్కు 25 శాతం, అంటే అదీ 40యే. (ఈ విషయం మా మేనల్లుడికి చెప్పలేదు.) ఇప్పుడు ఒకడికి 50 ప్రశ్నలకు జవాబు కచ్చితంగా వచ్చు, మిగతా 110 గుడ్డిగా గుర్తించాడనుకోండి. వాటిలో 27, 28 ఎలాగూ కలిసొస్తాయి. వాడి స్కోరు 77 దగ్గర తేలుతుంది. సరిగ్గా 50 దగ్గర ఆగాలంటే, ఏదీ ఖాళీ వదలకుండా, 110 ప్రశ్నల్లో ఏది తప్పో నిక్కచ్చిగా తెలిసుండాలి. ఇక గుడ్డిగా రాసి సున్నా తెచ్చుకునే అవకాశమంటారా? ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. మొద్దబ్బాయి వల్ల అయ్యే పని కాదది. పూర్తి సున్నా కావాలన్నా చదువు వచ్చి తీరాలి.

యాభైనే ఎందుకు ఎంచుకున్నాడంటే జపాన్‌లో ఆ అంకెకు వేరే బరువు ఉంది. అక్కడ పిల్లల్ని తూచే తక్కెడ పేరు హెన్సాచి. 1957లో టోక్యోలో ఒక మాధ్యమిక పాఠశాల ఉపాధ్యాయుడు తయారు చేశాడు. పేపరు కష్టమైనా సులువైనా సగటు విద్యార్థికి 50 వచ్చేలా, ప్రామాణిక విచలనం 10 ఉండేలా మార్కుల్ని మారుస్తారు. 60 వస్తే పైన ఉన్న 16 శాతంలో పడ్డట్టు. 70 వస్తే నూటికి ఇద్దరిలో ఒకడు. పెద్ద బళ్లకూ విశ్వవిద్యాలయాలకూ ఇదే కొలబద్ద అయి కూర్చుంది. 1993లో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల నుంచి ప్రైవేటు సంస్థల పరీక్షల్ని వెళ్లగొట్టారు గానీ కోచింగ్ సెంటర్లలో హెన్సాచి చెక్కు చెదరలేదు. నూటికి యాభై మార్కులూ హెన్సాచి యాభై ఒకటి కావు, సరే. అయినా యాభై అనగానే జపాన్ పాఠకుడికి స్ఫురించేది 'గుంపులో ఒకడు' అనే. మనకు అలాంటి అంకె 35. అది గట్టెక్కిన వాడి అంకె. యాభై అంటే ఇంట్లో తిట్లకూ చాలదు, పొగడ్తకూ చాలదు.

ఈ జాతి కథలన్నిటిలో తప్పు కొలత ఒకటి ఉంటుంది. 'ది ఇర్రెగ్యులర్ ఎట్ మ్యాజిక్ హైస్కూల్' చూడండి. త్సుతోము సాతో 2008లో ఇంటర్నెట్‌లో సీరియల్‌గా మొదలుపెట్టాడు. 2011 నుంచి 2020 దాకా 32 సంపుటాలు అచ్చయ్యాయి. 2014లో 26 ఎపిసోడ్ల యానిమే వచ్చింది. కథాకాలం 2095. బడిలో ఏడాదికి 200 మంది: మొదటి వర్గం 100, రెండో వర్గం 100. మొదటివాళ్ల చొక్కాలపై ఎనిమిది రేకుల పువ్వు గుర్తు ఉంటుంది. రెండోవాళ్ల చొక్కా బోడిది. వాళ్లను పువ్వులనీ వీళ్లను కలుపు మొక్కలనీ పిలుస్తారు. కలుపు మొక్కల్లో ఒకడైన కథానాయకుడు తత్సుయ రాతపరీక్షలో అందరికంటే ముందు, ప్రాక్టికల్స్‌లో వెనక. ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది మంత్రం ఎంత వేగంగా, ఎంత విస్తారంగా, ఎంత బలంగా పడుతుందనేదే. అతనికున్న విద్య ఆ మూడు గడుల్లో ఇమడదు. ప్రపంచానికి తెలిసిన మహా మాంత్రికులు 13 మంది. ఆ జాబితాలో లేని వాడు ఈ కలుపు మొక్క.

2020లో వచ్చిన 'ది మిస్‌ఫిట్ ఆఫ్ డీమన్ కింగ్ అకాడమీ'లో శక్తిని కొలిచే స్ఫటికం కథానాయకుడు అనోస్ ముందు పగిలిపోతుంది. రిజిస్టర్లో సున్నా రాస్తారు. బడి కథ కాకపోయినా 'వన్ పంచ్ మ్యాన్'లో సైతామాకూ ఇదే గతి. ఒక్క గుద్దుతో ఎవరినైనా కూల్చే మనిషికి వీరుల పరీక్షలో నూటికి 71. అర్హతకు కావలసింది 70. రాతపరీక్షలో మునిగిపోయి, ఒక్క మార్కుతో ఒడ్డెక్కాడు. ఇంటర్‌లో వెయ్యికి ఎంత, పదిలో ఎంత అని పెళ్లిళ్లలో కూడా అడిగించుకునే మన పిల్లలకు ఈ వెటకారం వివరించి చెప్పనక్కర్లేదు. తెలంగాణలో పదో తరగతికి కొన్నేళ్లు గ్రేడ్లే ఇచ్చి, 2025 ఫలితాల నుంచి మళ్లీ మార్కులు కూడా ఇస్తున్నారు. ఆ ఏడు ఉత్తీర్ణత 92.78 శాతం. అంతమంది పాసయ్యే చోట పాస్ అనే మాటకు విలువ పడిపోయి, అంకెకు పెరుగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇలా శక్తి దాచుకునే కథ జపాన్ వాళ్లు కొత్తగా కనిపెట్టిందని మా మేనల్లుడు అనుకుంటున్నాడు. మేం మాట్లాడుకుంది దసరా నాడు. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి, ఆకు తెంపి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కి వచ్చాడు కూడా. ఆ చెట్టు మీద ఆయుధాలు దాచి బడికి పోయిందెవరు?

అర్జునుడు బృహన్నలగా చేరింది నర్తనశాలలో. అంటే బడే. పిల్లవాడిగా కాదు, ఉత్తరకు నాట్యం నేర్పే గురువుగా. పాండవులు ద్రౌపదితో కలిపి ఆరుగురు, ఆరు మారుపేర్లు, ఏడాది గడువు. పట్టుబడితే మళ్లీ 12 ఏళ్ల అడవి, ఒక ఏడాది అజ్ఞాతం. పదమూడో శతాబ్దంలో తిక్కన భారతం రాయడానికి కూర్చుని 15 పర్వాలు పూర్తి చేశాడు. మొదలుపెట్టింది విరాట పర్వంతోనే, అయిదు ఆశ్వాసాలుగా. ఆ పర్వం చదివితే వాన పడుతుందని మన నమ్మకం. జొన్నా కందీ పండే జహీరాబాద్ మెట్ట నేలల్లో ఆ నమ్మకం విలువ వేరే చెప్పాలా.

యానిమే చూసేవాళ్లకు విరాటుడి కొలువు కథనం ఇట్టే అర్థమవుతుంది. నాలుగో నెలలో మల్లయుద్ధ పోటీ వస్తుంది. వంటవాడు వలలుడు బరిలోకి దిగక తప్పదు. పోటీల ఘట్టం లేని బడి యానిమే ఉందా? పదో నెల దాటాక కీచకుడు. వాడితోపాటు 105 మంది ఉపకీచకులు. ఊరు వదిలిపొమ్మన్న రాణి సుదేష్ణను ద్రౌపది ఇంకా 13 రోజులు ఓపిక పట్టమంటుంది. చివరికి కౌరవులు 60 వేల ఆవుల్ని తోలుకుపోతారు, బృహన్నల రథమెక్కుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క అక్కడే వస్తుంది. గడువు తీరకముందే అర్జునుడు దొరికాడని దుర్యోధనుడి సంబరం. భీష్ముడు పంచాంగం విప్పుతాడు. అయిదేళ్లకు రెండు అధిక మాసాల చొప్పున పదమూడేళ్లకు అయిదు నెలల పన్నెండు రాత్రులు ఎక్కువే గడిచాయంటాడు సంస్కృత మూలంలో. నేను కాగితం మీద వేస్తే అయిదు నెలల ఆరు రాత్రులే వచ్చింది. తేడాను సిద్ధాంతి గారికి వదిలేస్తున్నాను. అంత పెద్ద వీరుడు బయటపడటం న్యాయమా కాదా అన్నది కత్తి తేల్చలేదు, కూడికలు తేల్చాయి.

ఆ తర్వాతి ఘట్టం ఇంకా పదును. కొడుకు ఒంటరిగా కురుసేనను గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటే, కంకుభట్టు వేషంలో పాచికలాడుతున్న ధర్మరాజు 'బృహన్నల సారథి అయితే గెలవక ఏం చేస్తాడు' అని అంటూనే ఉంటాడు. ఒళ్లు మండిన రాజు చేతిలోని పాచికను అతని మొహం మీద కొడతాడు. కారిన రక్తం నేల మీద పడకుండా ద్రౌపది గిన్నె పడుతుంది. తప్పు కొలత ఖరీదు ఇక్కడ రక్తం. యానిమేలో మహా అయితే స్ఫటికం పగులుతుంది.

మన సినిమా ఈ కథను వదల్లేదు. 1963 అక్టోబరు 11న విడుదలైన 'నర్తనశాల'లో బృహన్నల ఎన్టీఆర్, కీచకుడు ఎస్వీ రంగారావు. 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో రంగారావు ఉత్తమ నటుడయ్యాడు. దాచుకున్న అర్జునుడికి కాదు, దాచుకోవడం చేతకాని కీచకుడికి బహుమతి! తర్వాత 'బాషా' వచ్చింది 1995లో. దాని దర్శకుడు సురేష్ కృష్ణే రెండేళ్లకు 'మాస్టర్'లో చిరంజీవిని కాలేజీలో తెలుగు లెక్చరర్‌ను చేసి వెనక ఒక గతం పెట్టాడు. 'ఇంద్ర'లో కాశీలో ట్యాక్సీ. ఈ వరుస చూస్తూ పెరిగినవాళ్లకు 2024లో 'సోలో లెవెలింగ్' తెలుగు మాటలతో ఫోన్‌లోకి వస్తే కొత్తగా ఏముంటుంది? 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ కలిసి వినబడే జహీరాబాద్‌లో పిల్లలకు డబ్బింగ్ భాష ఎంచుకునే సౌకర్యం కూడా ఉంది. మావాడు కొన్ని హిందీలో చూస్తాడు, గొప్పలు తెలుగులో చెబుతాడు.

ఆ బయటపడే క్షణాన్ని కెమెరా ఎలా పడుతుందో గమనించండి. అప్పటిదాకా బెంచీ ఎత్తులో ఉన్న చూపు ఒక్కసారి నేలకు దిగి, కింద నుంచి పైకి చూస్తుంది. కుర్రాడు కొండలా కనిపిస్తాడు. దీనికి జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో ఒక పేరు ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేసే ఊళ్లలో, బడి మొహం చూడని దళిత మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ సినిమా పుస్తకంలోనూ లేవు. కింద నుంచి పైకి చూసేది పటేల్ షాట్. మనిషికి మనిషి కళ్ల ఎత్తులో ఉండేది సంఘం షాట్. ఏ అంకే చెప్పలేనిదాన్ని ఆ రెండు పేర్లు చెప్పేశాయి. శక్తి దాచుకున్న కుర్రాడి యానిమేలన్నీ సంఘం షాట్‌లో మొదలై పటేల్ షాట్ కోసం కాచుకుని కూర్చుంటాయి.

ఆ కాచుకోవడం కోసమే తీసినవి నాకు తేలిపోయినట్టు అనిపిస్తాయి. దాచుకోవడానికి ధర ఉండాలి. పాండవులకు పదమూడేళ్లు. అయనోకోజికి వెంటాడే తండ్రి. ధర లేకపోతే అది ఊరికే గొప్పల పోజు. 'ది ఎమినెన్స్ ఇన్ షాడో' (2022) ఆ పోజునే వేళాకోళం చేసింది కాబట్టి చెల్లిపోయింది. 'సైకి కె' (2016) మొదటి విడత అయిదేసి నిమిషాల 120 తునకలు. దేవుడంత శక్తి ఉన్న కుర్రాడికి కావలసింది ప్రశాంతంగా కాఫీ జెల్లీ తినడం.

'మాబ్ సైకో 100' వేరు. గీసింది 'వన్ పంచ్ మ్యాన్' సృష్టికర్త వన్. మాబ్ అనే మారుపేరుకు అర్థమే గుంపులో ఒకడని. గంటకు 300 యెన్‌ల కూలికి పని చేస్తాడు. ఎనిమిదో తరగతి ఈడు. లోపలి ఉద్వేగం నూటికి చేరితే శక్తి పేలుతుంది, తెర మీద అంకె కూడా పడుతుంది. కానీ వాడు కోరుకునేది ఆ నూరు కాదు. కండలు పెంచే క్లబ్బులో చేరి అందరికంటే వెనక పరుగెత్తుతాడు, మధ్యలో పడిపోతాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. పటేల్ షాట్ వచ్చినప్పుడల్లా వాడు సిగ్గుపడతాడు. ఈ మొత్తం పాయలో నా ఓటు వాడికే.

చూడాలనుకునేవాళ్లకు చివరి లెక్క: మూడు సీజన్లు, 37 ఎపిసోడ్లు, ఒక్కోటి 24 నిమిషాలు వేసుకుంటే 15 గంటలకు కాస్త తక్కువ. ఇంట్లో పదో తరగతి వాళ్లుంటే మార్చి దాటాక మొదలుపెట్టండి.