పొడి డబ్బా కొనాల్నా, పల్లీలు సరిపోతయా?

గార్ల: పోలీసు కొలువులకు ప్రకటన పడిందంటే మన తండాల్లో, గూడేల్లో పొద్దుపొడవక ముందే పరుగులు మొదలవుతాయి. 2022 నాటి కానిస్టేబుల్ ఎంపికల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాల్సి వచ్చింది. సైన్యంలో అగ్నివీరుల ఎంపికకైతే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు. పరుగు మొదలైన నెల తిరక్కుండానే ఇంట్లో ఇంకో మాట మొదలవుతుంది. ‘‘బాపూ, ప్రొటీన్ పొడి కొనియ్యి, అది తాగకుంటే దమ్ము రాదంట.’’ కిలో డబ్బా రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా పలుకుతోంది. రోజుకో చెంచా చొప్పున వాడితే నెల రోజుల్లో ఖాళీ. ఆరు నెలలు వాడితే పత్తి చేనుకు ఎరువుల ఖర్చంత అవుతుంది. ఇంత పెట్టుబడికి ఫలితం ఉందా లేదా అన్నది రైతు ఆలోచించుకోవాల్సిన సంగతే.

ఈ పొడుల వ్యాపారం పెద్దగా సాగేది అమెరికాలో. అక్కడ కొండలెక్కి జింకల వేటకు పోయేవాళ్ల కోసం, అడవుల్లో పరుగు పందేలు ఆడేవాళ్ల కోసం వేరువేరుగా పొడులు, మాత్రలు తయారుచేసి అమ్ముతారు. అక్కడ 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి సరుకును బజారులో పెట్టే ముందు అది పనిచేస్తుందని సర్కారుకు రుజువు చూపించాల్సిన పనిలేదు. మన గూడేల పెద్దలు వేటకు పోయిన రోజుల్లో జొన్నగటక, అంబలి, ఇప్పపువ్వు తిని దినమంతా అడవి తిరిగేవారు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది, అది వేరే కథ. ఆ తిండిలో ఏముందో మాత్రం చూడదగ్గదే.

ఒంటికి ఎంత కావాలి?

యూరియా సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు. మొక్కకు అవసరమైనంత వేస్తే దిగుబడి. బస్తా మీద బస్తా వేస్తే పంట ఏపుగా పెరిగి పడిపోతుంది, పురుగు ఎగబడుతుంది, మిగిలింది నీళ్లపాలు. మాంసకృత్తులదీ దాదాపు అదే తీరు. ఒళ్లు వాడుకునేంతే వాడుకుంటుంది. మిగతాది ఇంధనంగా కాలిపోతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. వ్యర్థాన్ని బయటికి పంపే పని మూత్రపిండాల మీద పడుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. అంటే 60 కిలోల పిల్లగాడికి 50 గ్రాములు. గట్టిగా కసరత్తు చేసేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా కావాలంటారు క్రీడా నిపుణులు. అంటే 72 నుంచి 96 గ్రాములు.

ఇది మన ఇంట్లో దొరుకుతుందా? లెక్క వేద్దాం. పొద్దున మూడు జొన్నరొట్టెలు, అంటే 150 గ్రాముల పిండి, 15 గ్రాములు. రెండు పూటల అన్నానికి పావుకిలో బియ్యం, 17 గ్రాములు. కందిపప్పో పెసరపప్పో 60 గ్రాములు, 13 గ్రాములు. రెండు కోడిగుడ్లు, 12. గుప్పెడు పల్లీలు, 50 గ్రాములనుకుంటే ఇంకో 12. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు, మరో 12. మొత్తం 81 గ్రాములు! ఆదివారం కోడికూర ఇందులో కలపలేదు. ఉలవచారు, బొబ్బర గుడాలు, తైద అంబలి కూడా లెక్కలోకి రాలేదు.

ఒక్క చిక్కుంది. మన ఇండ్లల్లో చాలా చోట్ల పళ్లెం నిండా అన్నం, మీద పచ్చిపులుసు, అంచుకు పచ్చడి. పప్పు వారానికి రెండుసార్లు. పెరట్లో గుడ్లను సంతకు పంపి, పాలను కేంద్రంలో పోసి వచ్చిన పైసలతో డబ్బా కొంటే, ఇంట్లో ఉన్నది అమ్మి అదే సరుకు నాలుగింతల ధరకు తెచ్చుకున్నట్టు. కిలో పల్లీలు 150 రూపాయలనుకుంటే అందులో రమారమి 250 గ్రాముల మాంసకృత్తులున్నాయి, గ్రాముకు 60 పైసలు. గుడ్డులో గ్రాముకు రూపాయి చిల్లర. డబ్బాలో మూడున్నర, నాలుగు రూపాయలు. అయితే పల్లీల్లో నూనె ఎక్కువ కాబట్టి అన్నీ పల్లీలతోనే పూడ్చాలనుకోవద్దు. పప్పు, గుడ్డు, పాలు కలవాలి.

డబ్బాలో ఏముందో?

పాల విరుగుడు నుంచి తీసిన పొడి విషమేమీ కాదు. పట్నంలో గదిలో ఉండి వండుకోలేనివాళ్లకు, గుడ్డు ముట్టనివాళ్లకు అది వీలే. అసలు భయం డబ్బా మీద రాసింది లోపల ఉంటుందా అన్నదే. కేరళ వైద్యులు తదితరులు దేశంలో అమ్ముతున్న 36 రకాల పొడులను పరీక్షించి 2024లో వివరాలు ప్రచురించారు. సుమారు 70 శాతం వాటిలో రాసిన లెక్క సరిపోలేదు. కొన్నింట్లో చెప్పినదాంట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు విషం అఫ్లాటాక్సిన్, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. అంతకు ముందు 2000-2001లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల నుంచి 634 నమూనాలు తెప్పించి చూస్తే దాదాపు 15 శాతంలో డబ్బా మీద రాయని స్టెరాయిడ్ల జాడ దొరికింది. కబడ్డీలోనో పరుగులోనో పైస్థాయికి పోయే పిల్లలకు ఇది మరీ ప్రమాదం. పరీక్షలో పట్టుబడితే ‘నాకు తెలియదు’ అంటే వినరు.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార సూత్రాల్లో కండ కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెర, తీపి రసాయనాలు కలుస్తాయని, ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే ఎముకలకు, మూత్రపిండాలకు చేటు కలగవచ్చని హెచ్చరించింది. క్రియాటిన్ అని ఇంకొకటి అమ్ముతారు. గుండు విసరడం, దుంకడం లాంటి చిటికెలో అయిపోయే పనికి అది కొంత తోడ్పడుతుందని రుజువైన మాటే. కానీ ఒంట్లో నీటి బరువు పెంచుతుంది, 1600 మీటర్లు ఉరికేవాడికి ఆ బరువు దండగ. ఇక కండ పెంచే సూదులు ఎవరైనా ఇస్తామంటే దగ్గరికి రానీయకండి. గుండె, కాలేయం రెండూ చెడతాయి.

దమ్ము తగ్గేది ఎక్కడ?

పరుగులో ఆయాసం వచ్చి ఆగిపోయే పిల్లల్లో చాలామందికి తక్కువైంది పొడి కాదు, నెత్తురు. ముఖ్యంగా ఆడపిల్లల్లో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కండలకు ప్రాణవాయువును మోసేది నెత్తురే. అది పలుచనైతే ఎన్ని డబ్బాలు తాగినా దమ్ము రాదు. సర్కారు దవాఖానాలో రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాములకు తగ్గితే తక్కువున్నట్టే, డాక్టరు చెప్పినన్ని రోజులు ఇనుము మాత్రలు మింగాలి. అవి ఉచితం. బడి ఈడు పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర కూడా ఇదే. చాలామంది కడుపులో తిప్పుతోందని గోడవతల పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. నిమ్మరసంతో ఇనుము బాగా వంటబడుతుంది, చాయ్‌తో వంటబట్టదు. చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు కొంకిపురుగు పట్టి నెత్తురు పీలుస్తుంది కాబట్టి అల్బెండజోల్ మాత్ర సంగతీ అడగండి.

ఇంకొకటి నీళ్లు. ఎండలో చెమటోడ్చి ఉరికాక రంగు సీసాలు కొనొద్దు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని తీపి పానీయాలు అమ్మే పద్ధతి మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వులిచ్చింది. అసలైన ఓఆర్ఎస్ పొట్లం ఆశా కార్యకర్త దగ్గరే దొరుకుతుంది. ఒక పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి, గ్లాసుకు ఇంత అని చల్లుకోవద్దు. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ కూడా మంచిదే.

పల్లీలు తినమన్నాం కదా, వాటికీ బూజు విషం తప్పదు. తీసిన కాయను తేమ 8 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి, చేతిలో ఊపితే గింజ గలగలమనాలి. తడి నేల మీద బస్తాలు వేయకుండా కింద చెక్కలు పరవాలి. ముడుచుకున్న, నల్లబడిన, బూజు వాసన వేసే గింజను ఏరి పారేయండి. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ఏరిన గింజను బర్రెకు దాణాగా కూడా వేయొద్దు, పాలల్లోకి దిగుతుంది.