చాంగీలో తొమ్మిది గంటలు: ఊళ్లోకి వెళ్లాలా, వద్దా?

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కో సిడ్నీకో వెళ్లేవాళ్లలో చాలామంది సింగపూర్ మీదుగానే వెళ్తారు. రాత్రి ఇక్కడ విమానం ఎక్కితే తెల్లవారేసరికి చాంగీ విమానాశ్రయంలో దిగుతారు. తర్వాతి విమానం ఏ మధ్యాహ్నానికో, సాయంత్రానికో. విమానం మారడానికి మధ్యలో ఆగే ఈ వ్యవధినే లేఓవర్ అంటారు. టికెట్ మీద ‘9 గంటలు’ అని కనిపించగానే కొందరికి గుండె జారుతుంది, అంతసేపు ఆ కుర్చీల్లో ఎలా కూర్చోవడం అని. కొందరికి హుషారు వస్తుంది, సింగపూర్ మొత్తం చుట్టేసి రావచ్చని. రెండూ తొందరపాటే. ముందు ఒక చిన్న తీసివేత చేయాలి.

లేఓవర్ గంటల్లోంచి 5 తీసేయండి. మిగిలిందే ఊరు చూడటానికి మీ చేతిలో ఉండే సమయం.

ఆ ఐదు గంటలు ఎక్కడికి పోతాయి? విమానం నేలమీద వాలాక గేటు దగ్గర ఆగి, తలుపులు తెరుచుకుని, మీరు పొడవాటి దారుల్లో నడిచి, పాస్‌పోర్టు తనిఖీ దాటి బయటపడేసరికి 1 గంట. మెట్రో రైల్లో లిటిల్ ఇండియాకో మెరీనా బే వైపుకో వెళ్లి రావడానికి, రైలు కోసం నిలబడటం, మారడం, నడవడం అన్నీ కలిపి 2 గంటలు. తర్వాతి విమానం బయలుదేరే వేళకు 2 గంటల ముందు మీరు మళ్లీ టెర్మినల్‌లో ఉండాలి. మొత్తం 5.

చివరి రెండు గంటలు ఎక్కువ కదా అనిపించవచ్చు. కాదు. బయటికి వెళ్లినవాళ్లు తిరిగి పాస్‌పోర్టు తనిఖీ దాటాలి. పైగా చాంగీలోని 1, 2, 3 టెర్మినళ్లలో సంచుల తనిఖీ లోపలికి వచ్చేటప్పుడు జరగదు, విమానం ఎక్కే గేటు దగ్గరే జరుగుతుంది. అక్కడ మీ విమానంవాళ్లంతా ఒకే వరుసలో ఉంటారు. విమానం కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు కాబట్టి టికెట్ మీద రాసిన వేళకు చేరితే చేరనట్టే.

ఈ ఐదు గంటలు లేఓవర్ పొడవుతో పెరగవు, తరగవు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 6 గంటల లేఓవర్‌లో మీకు మిగిలేది 1 గంట. 9 గంటలైతే 4. 12 గంటలైతే 7. అంటే ఆగే సమయం ఆరు నుంచి పన్నెండుకు రెట్టింపైతే, ఊళ్లో గడిపే సమయం ఏడు రెట్లవుతుంది. ఆరు గంటలకు బయటికి పరిగెత్తడం దండగని, పన్నెండు గంటలు లోపలే కూర్చోవడం అంతకంటే దండగని నేననేది అందుకే. తొమ్మిది గంటలవాళ్లకు మిగిలే నాలుగు గంటలు ఒక తెలుగు సినిమా చూసి, తాపీగా భోంచేసి వచ్చేంత సమయం. ఒక పేట చూడటానికి చాలు, నగరమంతా చూడటానికి చాలదు.

విమానం ఆలస్యమైతే? గంటన్నర ఆలస్యంగా దిగితే మీ 9 గంటలు ఏడున్నర అవుతాయి. కోత మాత్రం అదే ఐదు, కాబట్టి నాలుగు గంటలు రెండున్నరకు పడిపోతాయి. అందుకే వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకోకండి. దిగాక గడియారం చూసి తేల్చుకోండి.

అసలు బయటికి రానిస్తారా అన్నది మరో సందేహం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు సింగపూర్ వీసా కావాలి. లోపలే ఉండి విమానం మారేవాళ్లకు మాత్రం అక్కర్లేదు. అయితే ఒక వెసులుబాటు ఉంది. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా, న్యూజిలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా మీ దగ్గర చెల్లుబాటులో ఉండి, మీరు మూడో దేశానికి వెళ్తూనో అక్కడి నుంచి వస్తూనో ఉంటే, 96 గంటలు, అంటే నాలుగు రోజులు, సింగపూర్ వీసా లేకుండానే ఉండనిస్తారు. అది హక్కు కాదు. చివరి మాట తనిఖీ అధికారిదే. వెళ్లేటప్పుడు ఒక తీరు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో తీరు షరతులుంటాయి. బయలుదేరే ముందు సింగపూర్ ఇమిగ్రేషన్ సంస్థ ఐసీఏ వెబ్‌సైట్‌లో రెండూ విడివిడిగా చదువుకోండి. బయటికి వచ్చే ప్రతి ఒక్కరూ ‘ఎస్‌జీ అరైవల్ కార్డు’ అనే వివరాల పత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు. దానికి పైసా రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు.

సామాను సంగతి టికెట్ మీద ఆధారపడి ఉంటుంది. మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్ మీద ఉంటే మామూలుగా మీ పెట్టెలు హైదరాబాద్‌లో అప్పగించింది మొదలు మెల్‌బోర్న్ దాకా వాటంతట అవే వెళ్తాయి. కౌంటర్‌లో ‘చివరిదాకా ట్యాగ్ వేశారా?’ అని అడిగి, ట్యాగ్ మీద చివరి ఊరి పేరు చూసుకోండి. నాలుగు వేలు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు కొన్నవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు సింగపూర్‌లో బయటికి వచ్చి పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. అప్పుడు బయటికి రావడం సరదా కాదు, తప్పనిసరి. దానికి తగిన అనుమతి లేకపోతే హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా బాధ్యత ఎవరూ తీసుకోరు. ఆ నాలుగు వేల ఆదా కంటే ఒకే టికెట్ మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక చాలామంది లెక్కలో మరిచిపోయేది నిద్ర. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 6:15కు దిగితే మీ ఒంటికి అది తెల్లవారుజామున 3:45. విమానంలో నాలుగున్నర గంటల ప్రయాణంలో భోజనం, లైట్లు పోగా నిద్రపోయింది రెండు మూడు గంటలకు మించదు. పైగా ఆ వేళకు ఊరు కూడా ఇంకా లేవదు. మ్యూజియాలు, దుకాణాలు తెరిచేసరికి పది అవుతుంది. కాబట్టి తెల్లవారుజామున దిగి 12 గంటలు ఉన్నవాళ్లు మొదటి రెండు మూడు గంటలు లోపలే కునుకు తీసి తర్వాత బయలుదేరితే మంచిది. టెర్మినళ్లలో కాళ్లు చాపుకునే కుర్చీలతో ఉచిత విశ్రాంతి స్థలాలున్నాయి. డబ్బు పెట్టగలిగితే లోపలే గంటల లెక్కన గదులిచ్చే ట్రాన్సిట్ హోటళ్లున్నాయి. పగలు దిగినవాళ్లకు ఈ గొడవ లేదు, నేరుగా వెళ్లిపోవచ్చు.

నాలుగు గంటల్లో ఎక్కడికి? తెలుగువాళ్లకు నా మొదటి సలహా లిటిల్ ఇండియా. మెట్రో స్టేషన్ 2, 3 టెర్మినళ్ల మధ్యనే ఉంటుంది. తనా మెరాలో ఒకసారి, బూగిస్‌లో ఇంకోసారి రైలు మారితే దాదాపు 50 నిమిషాల్లో చేరతారు. సెరంగూన్ రోడ్డు మీద నడిస్తే వీరమాకాళి అమ్మన్ గుడి, ఇంకొంచెం ముందుకు శ్రీనివాస పెరుమాళ్ గుడి వస్తాయి. గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పొద్దున్నేనో సాయంత్రమో వెళ్లినవాళ్లకే దర్శనం. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో శాకాహార భోజనం దొరుకుతుంది. పక్కనే టెక్కా సెంటర్. కింద కూరగాయలు, చేపల బజారు, ఒకే కప్పు కింద వరుసగా చిన్న చిన్న వంట దుకాణాలు. ఇలాంటి చోట్లను అక్కడ హాకర్ సెంటర్లంటారు. ఆ సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. సింగపూర్ ప్రజలు రోజూ ఎలా తింటారో చూడాలంటే ఏ ఎత్తయిన కట్టడం కంటే ఇదే మంచి చోటు.

సాయంత్రం ఖాళీ దొరికినవాళ్లు మాత్రం గార్డెన్స్ బై ద బే వైపు వెళ్లండి. అక్కడి ఎత్తయిన ఇనుప చెట్ల కింద రోజూ రాత్రి 7:45కు, 8:45కు జరిగే వెలుగుల ప్రదర్శన ఉచితం. తిరుగు రైలు సంగతి మరవకండి. రాత్రి పదకొండు దాటాక మెట్రో మీద ఆశ పెట్టుకోకూడదు.

ఖర్చు ఎంత? లెక్క తేలిక కోసం సింగపూర్ డాలరు 70 రూపాయలనుకుందాం. రైలుకు రానూపోనూ ఒక్కొక్కరికి 5, 6 డాలర్లు. హాకర్ సెంటర్లో ఒక పూట తిండి ఇంకో 5, 6 డాలర్లు. అంటే మనిషికి 700 నుంచి 850 రూపాయల్లో పని అయిపోతుంది. టాక్సీ అయితే ఒక వైపుకే 25 నుంచి 40 డాలర్లు కావచ్చు, రానూపోనూ 3,500 నుంచి 5,600 రూపాయలు. ఒక్కరికి అది మోయలేని ఖర్చు. నలుగురు పంచుకుంటే, మారే బాధ లేకుండా గంట దాకా సమయం కూడా కలిసొస్తుంది కాబట్టి ఆలోచించవచ్చు. మెట్రో గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు. కానీ మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. విదేశీ వాడకం, తాకించి చెల్లించే సౌకర్యం రెండూ బ్యాంకు యాప్‌లో ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి.

చేతి సంచిలో ఏముందో కూడా ఒకసారి చూసుకోవాలి. నమిలే పొగాకు, గుట్కా సింగపూర్‌లోకి తేవడం నేరం. చూయింగ్ గమ్ కూడా తేకూడదు. సిగరెట్లకు సుంకం మినహాయింపు ఒక్కదానికీ లేదు.

సొంతంగా తిరగడానికి ధైర్యం చాలనివాళ్లకు విమానాశ్రయమే ఉచితంగా బస్సులో ఊరు చూపిస్తుంది. లేఓవర్ ఐదున్నర గంటల నుంచి 24 గంటల లోపు ఉండాలి, బయటికి రావడానికి అనుమతి ఉండాలి. పర్యటన రెండున్నర గంటలు. తిరిగి తీసుకొచ్చే బాధ్యత వాళ్లదే కాబట్టి ఆరేడు గంటలవాళ్లకు నా ‘ఐదు తీసివేత’ కంటే ఇదే లాభం. సీట్లు పరిమితం, ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి.

జ్యూవెల్ గురించి ఒక మాట. 2019లో తెరిచిన ఆ అద్దాల భవనంలో 40 మీటర్ల జలపాతం ఉంది. అంటే దాదాపు పదమూడు అంతస్తుల ఎత్తు. అది విమానాశ్రయంలోనే ఉంది కదా అని చాలామంది పొరబడతారు. అది పాస్‌పోర్టు తనిఖీకి బయట ఉంది. ఊళ్లోకి వెళ్లడానికి కావలసిన అనుమతే దానికీ కావాలి. రైలు ప్రయాణం ఉండదు కాబట్టి ఐదుకు బదులు మూడు గంటలు తీసేస్తే చాలు. జలపాతం ఉదయం పది, పదకొండు తర్వాతే మొదలవుతుంది. అనుమతి లేనివాళ్లు 2, 3 టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రైన్ ఎక్కితే అది జ్యూవెల్ గుండానే పోతుంది, కిటికీలోంచి జలపాతం కనిపిస్తుంది. లోపల ఉండిపోయినా నష్టం లేదు. మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది, ఉచితం.

పిల్లల దగ్గరికి మొదటిసారి ఒంటరిగా వెళ్తున్న అమ్మానాన్నల విషయంలో మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. లేఓవర్ ఎంతున్నా వాళ్లను ఊళ్లోకి వెళ్లమనకండి. అసలు వాళ్లకు టికెట్ కొనేటప్పుడే మూడు నాలుగు గంటల లేఓవర్ ఉన్నది చూడండి. రెండు గంటలకు తగ్గితే పరుగు, ఆరు దాటితే నడుం నొప్పి. వీల్‌చైర్ సాయం కావాలంటే విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పి, రెండు విమానాలకూ నమోదైందో లేదో చూడండి. విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంది, వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చు. అది ఎలా కలపాలో ముందే ఇంట్లో ఒకసారి చేయించండి. నాన్నగారి చేతి గడియారం మన టైములోనే ఉంటుంది. అక్కడ దిగగానే దాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పమని చెప్పండి. గేటు నంబరు, సింగపూర్ టైములో విమానం వేళ, మీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పాస్‌పోర్టులో పెట్టండి. గేటు మారే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ నంబరు పక్కన ఇంకో నంబరు రాసుకునేంత ఖాళీ వదలండి.