ముల్లుకూ పాలకూ చుట్టరికం

చేపల కూర తిన్న పూట మా నాయనమ్మ పాలు తాగనిచ్చేది కాదు. పులస వండిన రోజు నా పక్కనే కూర్చుని, ముక్కను వేళ్లతో విప్పి, వెంట్రుకల్లాంటి ముళ్లను ఏరి కంచం అంచున పెట్టేది. సొరపిట్టు చేసిన రోజు మాత్రం మమ్మల్ని మా మానాన వదిలేసేది. ఉడికిన సొరను చేత్తో చిదిపితే పొడిపొడిగా రాలేది. వెన్ను దగ్గర దొరికే తెల్లటి బిళ్లలు పంటి కింద కరకరలాడేవి. ముల్లు భయం లేదు. ఎందుకు లేదన్న ప్రశ్న నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

ఆ బిళ్ల మృదులాస్థి. పులస ముల్లు ఎముక. రెండింటికీ ఆధారం కొల్లాజెన్ అనే ప్రొటీనే. కాకపోతే ఎముకలో మొదటి రకం, మృదులాస్థిలో రెండో రకం. మూడు పోగులు కలిపి పేనిన తాడులాంటి దాని అల్లికను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వాళ్లు ఎక్స్‌రేలతో పరీక్షించింది కంగారూ తోకలోని స్నాయువును. స్లాబుకు ఇనుప చువ్వలెలాగో ఎముకకు కొల్లాజెన్ అలాగ. చువ్వల మధ్య పోసే కాంక్రీటు కాల్షియం ఫాస్ఫేటు. ఎక్కడ పోయాలో, ఎక్కడ ఆపాలో చూసే మేస్త్రీలు వేరే ఉన్నారు. కాల్షియాన్ని పట్టుకునే ఆ ప్రొటీన్ల కుటుంబం పేరు ఎస్‌సీపీపీ.

2014 జనవరిలో సింగపూర్ శాస్త్రవేత్త బైరప్ప వెంకటేశ్ బృందం ‘నేచర్’ పత్రికలో ఏనుగు సొర జన్యుక్రమాన్ని ప్రచురించింది. ఇది సొరలకు దూరపు బంధువు. ఎముక కట్టడానికి కావలసిన జన్యు కుటుంబాలు అందులో ఉన్నాయి. మేస్త్రీల కుటుంబం మాత్రం లేదు. ఆ వంశానికి మూలపుటమ్మ అయిన స్పార్క్-లైక్-1 జన్యువు ఉంది, పిల్లలు లేరు. జీబ్రా చేపలో ఈ కుటుంబానికే చెందిన ఆస్టియోపాంటిన్ జన్యువును అణచి చూస్తే ఎముక కట్టడం తగ్గిపోయింది.

అలాగని సొరలు ఎముక దాకా ఎదగని పాతకాలపు జీవులనుకుంటే తొందరపాటే. మంగోలియాలో దొరికిన మిన్జినియా అనే చేప పుర్రె వివరాలు 2020లో వెలువడ్డాయి. వయసు దాదాపు 41 కోట్ల ఏళ్లు. సొరలూ ఎముక చేపలూ విడిపోకముందరి కొమ్మ అది. ఆ పుర్రె లోపల, మృదులాస్థి ఉండాల్సిన చోట, ఎముక కట్టి ఉంది! అంటే సొరల పూర్వీకులు ఉన్న ఎముకనే వదులుకుని ఉండొచ్చు. నాకు ఈ మాటే నచ్చుతుంది. మృదులాస్థి తేలిక, గాలితిత్తి లేని సొరకు ఆ తేలికదనం అక్కరకొస్తుంది. ఇక పళ్ల సంగతంటారా, మేస్త్రీలు లేకుండానే సొర ఎంత గట్టి పళ్లు కడుతుందో లోకానికి తెలుసు.

మిగతా చేపల్లో, వాటి నుంచి వచ్చిన మనలో, ఆ కుటుంబం ఎముక దగ్గరే ఆగిపోలేదు. జన్యువు తన పక్కనే తన నకలు వేసుకుంది, నకళ్లు కొత్త పనుల్లో కుదురుకున్నాయి. కొన్ని పంటి పింగాణీకి కుదిరాయి. క్షీరదాల్లో కొన్ని పాలలోని కేసీన్లయ్యాయి. ముల్లు గట్టిపడాలంటే కాల్షియం గడ్డకట్టాలి. పాలు పాలుగా నిలవాలంటే అదే కాల్షియాన్ని గడ్డకట్టకుండా పట్టి ఉంచాలి. రెండు పనులూ ఒకే వంశం చేస్తోంది. మనిషి 4వ క్రోమోజోము మీద పింగాణీ జన్యువులూ కేసీన్ జన్యువులూ ఇరుగుపొరుగున ఉంటాయి. ఎముకలోని ఆస్టియోపాంటిన్‌దీ ఆ క్రోమోజోమే.