ప్రోగ్రెసివ్ రీలోడింగ్ ప్రెస్ కొంటున్నారా? స్పీడ్ నంబర్ కంటే ముందు చూడాల్సింది ఇదీ!

ఫోన్ కెమెరా అంటే మెగాపిక్సెల్స్, చార్జర్ అంటే వాట్స్. ప్రతి గ్యాడ్జెట్‌కీ బాక్స్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే నంబర్ ఒకటి ఉంటుంది. ఈ రోజు మనం చూడబోయే మెషీన్‌కి ఆ నంబర్ "గంటకు ఎన్ని రౌండ్లు". దీని పేరు ప్రోగ్రెసివ్ రీలోడింగ్ ప్రెస్. అమెరికాలో పిస్టల్ షూటింగ్ పోటీలకు వెళ్లేవాళ్లు గ్యారేజీలో బల్లకు బిగించుకునే మెషీన్ ఇది. కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి కేసులను మళ్లీ నింపి, కాల్చడానికి సిద్ధంగా ఉన్న రౌండ్లుగా మారుస్తుంది.

అయితే మెగాపిక్సెల్ చూసి ఫోన్ కొంటే పోయేది ఫోటో మాత్రమే. ఇక్కడ స్పీడ్ ఒక్కటే చూసి కొంటే చేతిలో పిస్టల్ పేలిపోవచ్చు. అందుకే ఈ మెషీన్ ఎలా పని చేస్తుంది, ఎక్కడ తప్పు జరుగుతుంది, కొనేటప్పుడు ఏ ఫీచర్‌కి డబ్బు పెట్టాలి అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చట్టం సంగతి

ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని తెలుసుకోవడానికి మాత్రమే చదవండి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీలు గానీ తూటాలు గానీ తయారు చేయడం నేరం. దీనికి జైలు శిక్ష చాలా కఠినంగా ఉంటుంది. సొంత పిస్టల్‌కి లైసెన్స్ ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసుకునే హక్కు రాదు.

అమెరికాలో పరిస్థితి వేరు. సొంతంగా వాడుకోవడానికి రీలోడ్ చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. వ్యాపారంగా చేసి అమ్మాలంటే మాత్రం టైప్ 6 లైసెన్స్ కావాలి. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి కాబట్టి మీ స్టేట్ రూల్ విడిగా చూసుకోండి.

ఇప్పుడు అక్కడి మనవాళ్లు తప్పక గమనించాల్సిన పాయింట్. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఆ చట్టంలో "అమ్యునిషన్" అంటే పూర్తయిన రౌండ్ ఒక్కటే కాదు. ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ అన్నీ అందులోకే వస్తాయి. అంటే ఇంకా ఒక్క రౌండ్ కూడా చేయకపోయినా, పార్టులు కొని షెల్ఫ్‌లో పెట్టుకున్నా చిక్కే. మీ స్టేటస్ ఏంటో లాయర్‌తో మాట్లాడాకే మిగతా ఆలోచన. ఇంకో మాట, రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో ఇండియా ఫ్లైట్ ఎక్కొద్దు. జిప్ మూలలో మర్చిపోయిన ఒక్క రౌండ్ చాలు, ఎయిర్‌పోర్టులో కేసు అవ్వడానికి.

రౌండ్‌లో ఏముంటాయి?

మామూలు మాటల్లో మనం మొత్తాన్నీ "బుల్లెట్" అనేస్తాం. నిజానికి రౌండ్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి కేస్, దాని అడుగున చిన్న బొట్టులా ఉండే ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది, ప్రైమర్ నిప్పు పౌడర్‌ని అంటిస్తుంది, ఆ గ్యాస్ బుల్లెట్‌ని తోస్తుంది. వీటిలో మళ్లీ వాడగలిగేది కేస్ ఒక్కటే.

అన్ని తూటాలకూ ఇది కుదరదు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీ పడే 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లో వాడే .22 రౌండ్లు రిమ్‌ఫైర్ రకం. వాటిలో ప్రైమర్ మందు కేస్ అంచు మడతలోనే ఉంటుంది, విడిగా తీసి మార్చలేం. కాబట్టి ఈ ప్రెస్‌లు 9 ఎంఎం, .45 ఏసీపీ లాంటి సెంటర్‌ఫైర్ రౌండ్లకే.

ఇంత కష్టం ఎందుకు అంటారా? ఒకటి ఖర్చు. రెండోది కంట్రోల్. యుఎస్‌పిఎస్‌ఎ పోటీల్లో "పవర్ ఫ్యాక్టర్" అనే లెక్క ఉంటుంది. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెండింటినీ గుణించి 1000తో భాగించాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1050 అడుగుల వేగంతో వెళితే 130.2 వస్తుంది. మైనర్ కేటగిరీకి కనీసం 125 ఉండాలి. ఆ గీత దాటుతూనే దెబ్బ తక్కువగా ఉండే రౌండ్ కావాలని పోటీదారులు సొంతంగా తయారు చేసుకుంటారు.

ప్రోగ్రెసివ్ అంటే ఏంటి?

సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారి హ్యాండిల్ లాగితే ఒక పని. ప్రోగ్రెసివ్‌లో షెల్ ప్లేట్ అనే గుండ్రటి పళ్లెం ఉంటుంది. దాని మీద నాలుగైదు కేసులు ఒకేసారి కూర్చుంటాయి. ప్రతి లాగుడుకీ ఒక్కో కేస్‌కి ఒక్కో పని జరిగి, పళ్లెం ఒక స్టేషన్ ముందుకు తిరుగుతుంది. కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైన్‌ని చిన్న చక్రంలో పెట్టినట్టు అన్నమాట.

ఉదాహరణకు డిల్లాన్ ఎక్స్ఎల్ 750లో ఐదు స్టేషన్లు. మొదటిదాంట్లో కేస్ సైజు సరిచేసి పాత ప్రైమర్ తీసేస్తుంది. రెండోదాంట్లో కొత్త ప్రైమర్, పౌడర్ పడతాయి. మూడోది పౌడర్ చెకింగ్‌కి. నాలుగోదాంట్లో బుల్లెట్ కూర్చుంటుంది. ఐదోదాంట్లో కేస్ మూతి బిగుస్తుంది. ప్లేట్ నిండాక ప్రతి లాగుడుకీ ఒక పూర్తయిన రౌండ్ ట్రేలో పడుతుంది. 6 సెకన్లకు ఒక లాగుడు అనుకుంటే గంటకు 600. యాడ్‌లో నంబర్ ఇలాగే వస్తుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

సింగిల్ స్టేజ్‌లో 50 కేసులు పౌడర్ పోసి ట్రేలో నిలబెడతారు. టార్చ్ వేసి చూస్తే ఏది ఖాళీ, ఏది ఎక్కువ అన్నది తెలిసిపోతుంది. ప్రోగ్రెసివ్‌లో అలా కుదరదు. పౌడర్ పడిన కాసేపటికే పైన బుల్లెట్ మూసేస్తుంది. స్పీడ్ ఇచ్చే డిజైనే తప్పును దాచేస్తుంది.

తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది డబుల్ చార్జ్, అంటే ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడటం. అది కాల్చితే ప్రెషర్ హద్దు దాటి కేస్ చిరగొచ్చు, పిస్టల్ పగలొచ్చు. రెండోది పౌడరే పడకపోవడం. దీన్ని స్క్విబ్ అంటారు. ప్రైమర్ శక్తికే బుల్లెట్ బ్యారెల్‌లోకి వెళ్లి అక్కడే ఇరుక్కుంటుంది. "టప్" అని చిన్న శబ్దం వస్తుంది అంతే. షూటర్ గమనించక స్లైడ్ లాగి ఇంకో రౌండ్ కాల్చితే వెనక బుల్లెట్ ముందుదాన్ని గుద్దుతుంది, బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పేలుతుంది.

ఇవి ఎక్కువగా ఎప్పుడు జరుగుతాయి? పని సాఫీగా సాగుతున్నప్పుడు కాదు, మధ్యలో ఏదో ఇరుక్కుని హ్యాండిల్ సగంలో ఆగినప్పుడు. సరిచేసి మళ్లీ లాగేటప్పుడు "ఈ కేస్‌లో పౌడర్ పడిందా లేదా" అన్నది గుర్తుండదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పౌడర్ చెక్‌కి స్టేషన్ ఉందా: ఇదే నంబర్ వన్ ఫీచర్. డిల్లాన్ సిస్టమ్‌లో పౌడర్ లెవెల్ తేడాగా ఉంటే బజర్ మోగుతుంది. ఆర్‌సీబీఎస్ లాకౌట్ డై అయితే ప్రెస్‌నే ఆపేస్తుంది. హార్నడీ పౌడర్ కాప్‌లో ఒక చిన్న కడ్డీ పైకీ కిందకీ కదులుతుంది, కళ్లతో చూసుకోవాలి. ఇవి డబుల్ చార్జ్‌నీ ఖాళీ కేస్‌నీ పట్టుకోవడానికి, కొద్దిపాటి తేడా కొలవడానికి కాదు.

ఎన్ని స్టేషన్లు: డిల్లాన్ ఆర్ఎల్ 550 గట్టి మెషీన్, కానీ నాలుగే స్టేషన్లు. సైజింగ్, పౌడర్, సీటింగ్, క్రింపింగ్‌కే అవి సరిపోతాయి, చెకింగ్‌కి చోటు మిగలదు. హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీలో ఐదు, లీ సిక్స్ ప్యాక్ ప్రోలో ఆరు ఉన్నాయి. బడ్జెట్ తక్కువైతే లీ వైపు చూడొచ్చు, కాకపోతే సెట్టింగ్‌కి ఓపిక కావాలి.

ఇండెక్సింగ్: 550లో ప్లేట్‌ని చేత్తో తిప్పాలి. తిప్పడం మర్చిపోతే డబుల్ చార్జే. ఆటో ఇండెక్సింగ్‌లో ప్లేట్ తనే తిరుగుతుంది, ఆ మర్చిపోవడం ఉండదు. అయితే ఇరుక్కున్నప్పుడు సరిచేయడం కాస్త కష్టం. రెండింటికీ ఫ్యాన్స్ ఉన్నారు, రెండూ జాగ్రత్త అడుగుతాయి.

తూకం: పిస్టల్ రౌండ్‌కి పడే పౌడర్ కొన్ని గ్రెయిన్లే. ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా దీనికి పనికిరాదు. 0.1 గ్రెయిన్ చూపించే రీలోడింగ్ స్కేల్, దాన్ని పరీక్షించడానికి చెక్ వెయిట్స్ తప్పనిసరి. ఎలక్ట్రానిక్ స్కేల్ పక్కన ఫోన్ పెట్టకండి, రీడింగ్ ఊగొచ్చు.

ఇవి కాకుండా క్యాలిపర్, కార్బైడ్ డైస్, బుల్లెట్ తప్పయితే విప్పడానికి పుల్లర్ కూడా బడ్జెట్‌లో కలుపుకోండి. ప్రెస్ ధర ఒక్కటే చూసి లెక్క వేస్తే దెబ్బతింటారు.

వాడేటప్పుడు పాటించాల్సినవి

1. లోడ్ డేటా పేరున్న ప్రింటెడ్ మాన్యువల్ నుంచీ పౌడర్ కంపెనీ నుంచీ మాత్రమే తీసుకోండి. లైమన్, హార్నడీ, స్పియర్ లాంటివి ఉన్నాయి. అందులో స్టార్టింగ్ లోడ్‌తోనే మొదలు పెట్టండి. ఫ్రెండ్ చెప్పాడని, వీడియోలో చూశానని నంబర్ తీసుకోవద్దు.

2. కేస్‌లో సగానికి పైగా నిండే పౌడర్ ఎంచుకోండి. అప్పుడు పొరపాటున రెండుసార్లు పడితే పొంగి బయటికొస్తుంది, కంటికి కనిపిస్తుంది.

3. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. పని అయ్యాక హాపర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి తిరిగి పోయాలి. వేరే డబ్బాలో పోస్తే రేపు అది ఏంటో మీకే తెలియదు.

4. మొదటి వారం ప్లేట్ మీద ఒక్క కేస్ మాత్రమే పెట్టి అన్ని స్టేషన్లూ తిప్పండి. చేతికి అలవాటయ్యాక నిండుగా నడపండి.

5. ప్రెస్ మీద లైట్ పెట్టండి. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేస్‌లోకీ తొంగి చూడండి. చెకింగ్ డై ఉన్నా సరే.

6. ఏదైనా ఇరుక్కుంటే బలంగా నొక్కొద్దు, ముఖ్యంగా ప్రైమర్ దగ్గర. ట్యూబ్‌లో ఒక ప్రైమర్ పేలితే మిగతావీ పేలొచ్చు. ఆపేసి, ప్లేట్ మీద ఉన్న కేసులన్నీ తీసి పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టండి. నాలుగు కేసులు పోతే పోయాయి, వేళ్లు మిగులుతాయి.

7. కళ్లద్దాలు తప్పనిసరి. టీవీ, ఫోన్ కాల్స్, మందు, సిగరెట్ ఏవీ వద్దు. తినడం కూడా వద్దు, ఎందుకంటే వాడేసిన కేసుల మీద సీసం మరకలు ఉంటాయి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లలున్న ఇంట్లో ప్రైమర్లు, పౌడర్ తాళం వేసిన చోట ఉండాలి.

ఇక రేంజ్‌లో: శబ్దం గానీ దెబ్బ గానీ తేడాగా అనిపిస్తే అక్కడికక్కడే ఆపండి. మ్యాచ్ మధ్యలో అయినా సరే. పిస్టల్ ఖాళీ చేసి, బ్యారెల్ క్లియర్‌గా ఉందో లేదో చూశాకే మళ్లీ కాల్చండి.

ఎవరికి సరిపోతుంది?

నెలకు వందల రౌండ్లు కాల్చే పోటీదారులకు ఇది సరైన మెషీన్. ఎప్పుడో ఒకసారి రేంజ్‌కి వెళ్లేవాళ్లకు ఫ్యాక్టరీ తూటాలే బెటర్. పైగా రీలోడ్స్ వల్ల పిస్టల్ పాడైతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సింగిల్ స్టేజ్‌తో మొదలు పెడితే ప్రతి స్టెప్‌లో ఏం జరుగుతుందో అర్థమవుతుంది.

మా సలహా ఒక్కటే. రెండు మోడళ్ల మధ్య డైలమాలో ఉంటే స్పీడ్ ఎక్కువున్నదాన్ని కాదు, పౌడర్ చెక్ స్టేషన్ ఉన్నదాన్ని తీసుకోండి. గంటకు 600కి బదులు 300 చేసినా నష్టమేం లేదు, అందులో ప్రతి ఒక్కటీ మీరు చూసి మూసిందే అయి ఉండాలి.